హోమ్ చెక్‌కి వచ్చినావిడ చూసిన కుక్క

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. భక్తి వల్ల కాదు, ఉద్యోగం వల్ల. షెఫీల్డ్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో వార్డు నర్సుని. చివరి గదిలో పేషెంటు లేకపోయినా కాల్ బెల్ మోగిందని కొత్తగా వచ్చిన పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చెప్తుంటారు. వైరు పాడైంది, రిపేరు వాళ్ళకి ఫోన్ చెయ్యండమ్మా అని నా పని నేను చూసుకుంటాను. ఎంతో మంది ప్రాణం పోయేటప్పుడు చెయ్యి పట్టుకుని పక్కన ఉన్నాను. వాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవర్నీ అడగను. పట్టపగలు, నా వంటింట్లో, నేను పక్కనుండగా జరిగింది. నేనేమీ చూడలేదు. చూసింది వేరే ఆవిడ. గొడవంతా అక్కడే వచ్చింది.

బాబ్జీ మా కుక్క. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో, మా అమ్మాయి గ్రేసీ పుట్టకముందే, చిన్న పిల్లగా తెచ్చుకున్నాం. జాతి ఏమిటో ఎవరూ తేల్చలేదు. గోధుమరంగు ఒళ్ళు, ముందరి ఎడమ పాదం ఒక్కటి తెలుపు, ఒక చెవి నిలబడి ఉండేది, రెండోది వాలిపోయి ఉండేది. ఆ పేరు మా ఆయన పెట్టారు. రేపల్లెలో ఆయన చిన్ననాటి స్నేహితుడి పేరది. వెట్ సర్జరీలో, అంటే పశువుల డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ అమ్మాయి ఆ పేరు పిలవలేక నానా అవస్థ పడేది.

మామయ్య పోయాక మా అత్తయ్య మా దగ్గరికి వచ్చేశారు. మొదట్లో, "ఇంట్లోకి కుక్కేంటమ్మా, అందులోనూ వంటింట్లోకి" అని ముక్కు మూసుకునేవారు. కొన్నాళ్ళకి చూస్తే ఆవిడ కంచంలో కంటే వాడి గిన్నెలో పెరుగన్నం ఎక్కువ ఉండేది. మా ఆయన బస్సు డ్రైవరు, నాకు డ్యూటీల రోటా ఎటు పడితే అటు, గ్రేసీకి స్కూలు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. గ్రేసీకి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. దాంతో ఆవిడ తెలుగంతా బాబ్జీతోనే. వాడిని పార్కుకి తిప్పుకొచ్చేవారు. మా వీధిలో ఆవిడ పేరు తెలియనివాళ్ళు కూడా బాబ్జీ వాళ్ళ గ్రాండ్‌మా అని చెయ్యి ఊపేవారు.

వాడికి వయసు మీద పడింది. వెనక కాళ్ళు పడిపోయాయి. పొట్ట కింద టవల్ వేసి ఎత్తితే తప్ప లేచేవాడు కాదు. గార్డెన్‌లోకి వెళ్ళే తలుపు దగ్గర పరుపు వేశాం, ఇరవై నాలుగు గంటలూ అక్కడే. వాలిపోయిన చెవి మీద చిన్న గడ్డ లేచి పగిలింది. అత్తయ్య కొబ్బరినూనెలో పసుపు కలిపి దానికి రాసేవారు. వెట్ వద్దంది. అత్తయ్య సరేనని తలూపి ఇంటికొచ్చి మళ్ళీ రాసేవారు.

చివరికి వాడు మూలగడం మొదలుపెట్టాడు. ఇక ఇంజెక్షన్ ఇచ్చి పంపించెయ్యడమే దయ అని వెట్ చెప్పింది. ఇక్కడ అది మామూలే. మా ఆసుపత్రిలో తోటి నర్సులు కూడా ఇంకా ఆలస్యం చెయ్యకు అన్నారు. నాకూ అదే సరైనదనిపించింది, ఈరోజుకీ అదే అనిపిస్తుంది. అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. మా అందరి ముందూ స్పష్టంగా చెప్పారు: "దేవుడిచ్చిన ప్రాణం. ఆయన తీసుకెళ్ళేదాకా నేను చూసుకుంటాను. మీరు ముట్టుకోమాకండి."

మా ఆయన తేల్చుకోలేక నావైపు చూశారు. నేను తేల్చాను. ఇంజెక్షన్ రోజు పొద్దున అత్తయ్య వాడి చెవికి పసుపు రాసి, నుదురు మీద ముద్దు పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. అరుపులూ లేవు, కేకలూ లేవు. నేను వండింది తన గదికి తీసుకెళ్ళి తినేవారు, తిన్నారో లేదో కూడా తెలిసేది కాదు. బట్టలు వదులైపోయాయి. పార్కు మాట దేవుడెరుగు, గడప దాటలేదు. మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది, పెద్దావిడ కాబట్టి ఆవిడే చేస్తారు. కొడుకు పేరు, మనవరాలి పేరు, రేపల్లె చర్చి సంఘంలో జబ్బుపడ్డ వాళ్ళ పేర్లు, వీధిలో వాళ్ళు కూడా, అందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్తారు. అందులోంచి నా పేరు తీసేశారు. కళ్ళు మూసుకుని అక్కడే కూర్చునేదాన్ని, నా పేరు వచ్చే చోటు రాగానే ఆవిడ పక్క పేరుకి వెళ్ళిపోయేవారు. ఎంత ఏడుపొచ్చేదో చెప్పలేను.

ఒక రోజు కొడుకుని పిలిచి, "నాకు టికెట్ బుక్ చెయ్యరా, నేనుండలేను" అన్నారు. రేపల్లెలో ఆవిడకి ఇల్లూ లేదు, చూసేవాళ్ళూ లేరు.

ఇంకో కుక్కని తెద్దామన్నది మా ఆయన. ఆ మాట చెవిన పడగానే అత్తయ్య నావైపు చూడకుండానే, "దీన్ని కూడా చంపించడానికా?" అన్నారు. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. అయినా మొండిగా అప్లై చేశాను. ఇంట్లో ఒక ప్రాణి తిరిగితే ఆవిడ లేస్తారని ఆశ.

ఊరి బయట ఒక రెస్క్యూ సెంటర్ ఉంది. అక్కడ పెన్నీ అని ఒక గ్రేహౌండ్, పందేల్లో పరిగెత్తి రిటైరైన ఆడకుక్క. ఇక్కడ కుక్కని ఊరికే చేతిలో పెట్టెయ్యరు. ముందు ఇంటికి ఒక మనిషిని పంపిస్తారు. కంచె ఎంత ఎత్తుంది, గేటు గడియ పడుతుందా, ఇంట్లో ఎవరెవరుంటారు, అన్నీ చూస్తారు. దాన్నే హోమ్ చెక్ అంటారు. పెళ్ళిచూపుల్లో కూడా మా అత్తింటివాళ్ళు ఇంత శోధన చెయ్యలేదు నన్ను.

శనివారం పొద్దున వచ్చింది ఆవిడ. పేరు జూడిత్. రిటైరైన స్కూల్ టీచరు, బార్న్స్‌లీ వైపు మనిషి, తనే కారు నడుపుకుంటూ వచ్చింది. మాట ఖచ్చితం, నవ్వు తక్కువ. మా ఆయన గ్రేసీని ఈతకి తీసుకెళ్ళారు, ఇంట్లో నేనూ అత్తయ్యా. అత్తయ్య వంటింట్లో ఒక మూల కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. వచ్చినావిడకి అల్లం టీ మాత్రం ఇచ్చారు. అది మర్యాద, కుక్క కోసం కాదని మొహంలోనే తెలుస్తోంది.

ఆ అరగంటలో మూడు చిన్న సంగతులు గమనించాను. అప్పుడు వాటికి విలువ ఇవ్వలేదు.

జూడిత్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. కుడిచేత్తో కప్పు పట్టుకుంది, ఎడమ చెయ్యి కిందకి వేలాడేసి మెల్లగా ముందుకీ వెనక్కీ కదిలిస్తోంది. నర్సు బుద్ధి కదా, కీళ్ళనొప్పులేమో పాపం అనుకున్నాను.

గార్డెన్ చూస్తానని లేచి, తలుపు దగ్గర కాలు బాగా పైకెత్తి, దేన్నో దాటినట్టు పెద్ద అంగ వేసింది. పరుపు ఎప్పుడో తీసేశాం, అక్కడ ఉత్త నేల. మ్యాట్ మడత పడిందేమోనని కిందకి చూశాను కూడా.

వెళ్ళేటప్పుడు గేటు గడియ రెండుసార్లు ఆడించి చూసి, బాగుందని, బయటికి నడిచి వెనక్కి తిరిగింది. "గో ఆన్ ఇన్, లవ్, ఇట్స్ పెరిషింగ్" అంది, నేల చూపులు చూస్తూ. చలిగా ఉంది, లోపలికెళ్ళమని నాకే చెప్పిందనుకుని లోపలికొచ్చేశాను. యార్క్‌షైర్‌లో అందర్నీ లవ్ అనే పిలుస్తారు. బస్సు ఎక్కితే మా ఆయన్ని కూడా అంటారు.

తర్వాతి వారం మొదట్లోనే సెంటర్ నుంచి ఫోనొచ్చింది. ఎవరో చిన్నమ్మాయి. మీ అప్లికేషన్ ఆపామండీ అంది. ఎందుకంటే, ఇంట్లో ఇంకో కుక్క ఉన్న సంగతి మీరు చెప్పలేదు, అంత ముసలి కుక్క ఉన్నప్పుడు ముందు రెండింటినీ ఇక్కడ కలిపి చూడాలి, అది మా రూలు అంది.

మా ఇంట్లో కుక్క లేదన్నాను. మా వాలంటీర్ చూశారండీ అంది. లేదమ్మా, చనిపోయిందన్నాను. మా వాలంటీర్ చాలా అనుభవం ఉన్నావిడ అంది. ఇక్కడివాళ్ళు మనల్ని అబద్ధాలకోరు అనరు. గొంతు ఇంకాస్త మెత్తన చేస్తారు, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వెట్ సర్జరీ నంబరిచ్చి, కనుక్కోండి, కనుక్కున్నాక నాకు సారీ చెప్పండి అని పెట్టేశాను. కనుక్కున్నారు. సారీ కూడా చెప్పారు. ఎక్కడో పొరపాటు జరిగింది, మీరు పెన్నీని తీసుకెళ్ళొచ్చు అన్నారు.

నావరకు అది అక్కడితో అయిపోయింది. పిచ్చిది, ఇంకో ఇంటితో కలగాపులగం చేసుకుందని ఇంట్లో తిట్టుకున్నాను.

కానీ మళ్ళీ శనివారం జూడిత్ తనంతట తనే వచ్చి తలుపు కొట్టింది. సెంటర్ వాళ్ళు పంపలేదు. మొహం ఎర్రగా ఉంది. ఇన్నేళ్ళలో తనని ఎవరూ పొరపాటు మనిషి అనలేదట. "నేనేదో కల్పించి చెప్పినట్టు మాట్లాడారు వాళ్ళు. మీ కుక్కని ఒక్కసారి చూపించండి, వెళ్ళిపోతాను" అంది.

ఆ రోజు మేం నలుగురం ఇంట్లోనే ఉన్నాం. మా ఆయన పెద్దమనిషి తరహాలో, కూర్చోండి, మా కుక్క పోయి చాలా రోజులైంది, మీరు చూసింది ఏదో చెప్పండి అన్నారు.

జూడిత్ వంటింట్లో నిలబడి వేలితో చూపించింది. గార్డెన్ తలుపు దగ్గర, సరిగ్గా పరుపు ఉండే చోటు. అక్కడ పడుకుని ఉన్నాడు, కాస్త సేపటికి లేచొచ్చి నా కుర్చీ పక్కన కూర్చున్నాడు, టీ తాగుతున్నంతసేపూ తల నిమిరాను అంది. గోధుమరంగు, మూతి నెరిసింది, ముందు పాదం ఒకటి తెలుపు, ఒక చెవి వాలిపోయి ఉంది.

ఇంతవరకూ విని నేను కంగారుపడలేదు. గోడ మీద ఫోటో చూసుంటుంది అనుకున్నాను. అనుకుంటూనే గోడవైపు చూశాను. ఫోటో లేదు. అది అత్తయ్య ఎప్పుడో తీసుకెళ్ళి తన దిండు కింద పెట్టుకున్నారు.

అప్పుడు జూడిత్ అంది: "ఆ వాలిన చెవికి పచ్చగా ఏదో మందు రాశారు. నా వేళ్ళకి అంటుతుందేమో అనుకున్నాను. అదేమిటో అడుగుదామనుకుని మర్చిపోయాను."

మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. పసుపు రాసిన చెవితో వాడి ఫోటో ఒక్కటి కూడా లేదు. చివరి రోజుల్లో వాడిని ఫోటో తియ్యడానికి మాకెవరికీ మనసొప్పలేదు.

మా మొహాలు చూసి అత్తయ్యకి ఏదో తెలిసింది. "ఏంటంటంది ఆవిడ?" అని గ్రేసీని అడిగారు. నేను చెప్పొద్దని సైగ చేసేలోపే ఆ పిల్ల తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పేసింది. "నానమ్మా, షీ సా బాబ్జీ. ఇక్కడ. లాస్ట్ సాటర్‌డే."

అత్తయ్య భయపడతారనుకున్నాను. స్తోత్రం స్తోత్రం అంటూ బైబిల్ తెచ్చి జూడిత్‌ని గెంటేస్తారేమో అనుకున్నాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, లేచి, జూడిత్ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు. అన్ని వారాల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"అమ్మాయ్, ఆవిడ్ని అడుగు. వాడు తనంతట తనే లేచాడంటనా?"

నేను అడిగాను.

జూడిత్‌కి ఆ ప్రశ్న విచిత్రంగా అనిపించింది. లేవకపోవడమేంటి, తోకూపుకుంటూ గేటు దాకా వచ్చి నన్ను సాగనంపాడు కదా అంది. ఆ వయసుకి కాళ్ళు అంత బాగున్నాయేంటా అని తనే ఆశ్చర్యపోయిందట. బయటికి వచ్చేస్తాడేమోనని, చలిగా ఉంది లోపలికెళ్ళు అని వాడికి చెప్పి గేటు వేసుకుందట.

అది తెలుగులో చెప్పడం నా వల్ల కాలేదు. సగం చెప్పేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. గేటు దాకా నడిచాడంట అత్తయ్యా, తోకూపుకుంటూ నడిచాడంట అని మాత్రం అనగలిగాను.

అత్తయ్య ఆ తలుపు దగ్గర ఉత్త నేల మీద కూర్చుండిపోయారు. చెయ్యి ఆ నేల మీద వేసి నిమురుతూ వెక్కి వెక్కి ఏడ్చారు. "నొప్పి పోయింది రా నాన్నా నీకు. పోయిందిలే" అని వాడితో చెప్పారు. నేను పక్కన కూర్చుంటే నా భుజం మీద తల పెట్టేశారు. నేను ఆవిడకి కోడలినై పదిహేనేళ్ళు దాటింది, అలా ఎప్పుడూ చెయ్యలేదు.

జూడిత్‌కి అప్పుడు విషయం పూర్తిగా బుర్రకెక్కింది. మొహం పాలిపోయి, తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. గ్రేసీ నీళ్ళు తెచ్చిచ్చింది. నేను అబద్ధమాడలేదు అని రెండు మూడుసార్లు అంది. లేదండీ, తెలుసండీ అన్నారు మా ఆయన.

ఆ సాయంత్రం ప్రార్థనలో అత్తయ్య నా పేరు చెప్పారు. అందరికంటే ముందు చెప్పారు. మరుసటి రోజు బల్ల దగ్గరే కూర్చుని తిన్నారు. టికెట్ మాట మళ్ళీ రాలేదు.

నేను ఊరుకునే రకం కాదు కాబట్టి అన్నీ ఆలోచించాను. పక్కింట్లో ఉన్నది పిల్లి. ఆ రోజు జూడిత్ గార్డెన్‌లోకి వెళ్ళేదాకా ఆ తలుపు గడియ వేసే ఉంది, బయటి కుక్క రావడానికి లేదు. వెట్ సర్జరీలో జూడిత్‌కి తెలిసినవాళ్ళు లేరు. పెద్దవాళ్ళకి లేనివి కనబడే జబ్బులున్నాయి, అలాంటి పేషెంట్లని నేను చూశాను. ఈవిడ వాళ్ళలా లేదు, నాకంటే చురుగ్గా ఉంది. మా వంటింట్లో పసుపు వాసన ఉంటుంది, నిజమే. వాసన చూసి కుక్క చెవి ఎవరు ఊహించుకుంటారు? మా పాస్టర్ గారికి చెప్తే, వాటి గురించి ఎక్కువ ఆలోచించకమ్మా, ప్రార్థన చేసుకో అన్నారు. మా ఆయనైతే ఆ సంగతి ఎత్తితే టీవీ సౌండ్ పెంచుతారు.

పెన్నీ వచ్చింది. మొదటి వారం వణుకుతూ సోఫా వెనకే ఉంది. మెట్లెక్కడం కూడా తెలియదు దానికి, జీవితమంతా పందెం కుక్కల కొట్టంలోనే ఉంది కదా. "ఇదేంటిరా ఇంత బక్కది, దీనికి ఎవరూ తిండి పెట్టలేదా" అని అత్తయ్య సణుక్కుంటూ చేత్తో తినిపించారు. ఇప్పుడు పెన్నమ్మా అని పిలిస్తే వస్తుంది. దానిలో బాబ్జీ పోలిక ఒక్కటి కూడా లేదు. ఏ మూల చూసీ మొరగదు, దేనికీ బెదరదు, ఎక్కడ పడితే అక్కడ కాళ్ళు చాపుకుని నిద్రపోతుంది.

కుక్కని ఇచ్చిన కొన్నాళ్ళకి సెంటర్ వాళ్ళు ఒకసారి వచ్చి చూసిపోతారు. ఈసారీ జూడిత్‌నే పంపించారు. పెన్నీని చూసింది, దాని పళ్ళు చూసింది, బరువు పెరిగిందని మెచ్చుకుంది. వంటింట్లో అదే కుర్చీలో కూర్చుంది. టీ పోస్తున్నానన్నమాటేగానీ నా ప్రాణమంతా ఒకే ప్రశ్న మీద ఉంది. నోరు తెరిచాను కూడా.

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. నేనింకా ఒక్క ముక్క కూడా అనలేదు. అయినా వెనకనుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు.

"అడగమాక అమ్మాయ్. ఉన్నాడంటే వాడిని పంపించలేను. లేడంటే తట్టుకోలేను."

నేను అడగలేదు. ఆ శనివారం నా వంటింట్లో ఏం జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. అత్తయ్య ఉన్నంతకాలం తెలుసుకోను కూడా.